టీవీకి పనికిరాని మానిటర్

హాల్లో టీవీ చచ్చి పడున్న ఇంట్లో, కంప్యూటర్‌కు పెద్ద మానిటర్ కొంటానని బుద్ధున్న మనిషెవరూ నోరు తెరిచి చెప్పరు. నేను చెప్పాను. అదీ మా అత్త పప్పన్నంలో నెయ్యి వేసుకుంటున్నప్పుడు, ఆమె మనసు మెత్తగా ఉండే సమయం చూసి మరీ చెప్పాను. ఆమె వేలికంటిన నెయ్యి నాకి, "మంచిదమ్మే, హాల్లో ఆ పాత మేకుకే తగిలిచ్చండి" అంది.

"టీవీ కాదత్తా, మానిటర్."

"అదేలే, టీవీనే."

"టీవీ వేరే, మానిటర్ వేరే."

"బొమ్మలు వస్తాయా, రావా?"

"వస్తాయి."

"మరి ఇంకేంది?" అని మజ్జిగ పోసుకుంది. 

మాది కర్ణాటకలో, బళ్లారి పక్కన సండూరు. మా ఆయన గనుల నుంచి గూడ్సు రైలు నింపే సైడింగుకు ఖనిజం లారీ తోలుతాడు. నేనొక స్కూల్లో ఆఫీసు పని చేస్తాను. మా అమ్మాయి ఇళ్ల నక్షాలు గీసే చదువు చదివి, ఉద్యోగం రాగానే లాప్‌టాప్ ఒకటి చంకన పెట్టుకుని బెంగళూరుకు పోయింది. చదువు కోసం కొన్న పెద్ద కంప్యూటర్‌ను మాత్రం నడిమింట్లో, వంటింటి గోడ పక్కన వదిలేసి పోయింది. దాంట్లో లారీ తోలే ఆట ఒకటి ఉంది. దుమ్ము తుడుస్తూ ఒకసారి తెరిచాను. అంతే, నా పని అయిపోయింది. నేను పడుతున్న పాట్లు ఫోన్లో విని నవ్వి, బల్లకు బిగించుకునే చిన్న స్టీరింగు, కాళ్ల కింద పెట్టుకునే పెడల్సు అమ్మాయే పంపింది.

స్కూలు నుంచి ఇంటికొచ్చాక, రాత్రి వంటకు పొయ్యి వెలిగించే లోపల ఒక గంట ఉంటుంది. ఆ గంటలో నేను లారీ తోలతాను. మిగతా పొద్దంతా నేను ఎవరికో ఒకరికి ఏదో ఒకటి. హెడ్‌మేడంకు క్లర్కును, మా ఆయనకు పెండ్లాన్ని, మా అత్తకు కోడల్ని, అమ్మాయికి ఫోన్లో ఉప్మా కొలత చెప్పే మనిషిని. ఆ గంటలో మాత్రం నా బండి, నా రోడ్డు. ఎవరూ "మే" అని పిలవరు. పిలిచినా ఇంజను శబ్దంలో వినపడదు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను కాబట్టి.

అయితే ఆ పాత మానిటర్ మరీ చిన్నది. లారీకి రెండు పక్కలా ఉండే అద్దాలు దాంట్లో పోస్టల్ స్టాంపుల్లా కనిపించేవి. రివర్సు తీస్తే గోడలే గోడలు. నేను గుద్దని గోదాము లేదు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా నా కుర్చీ వెనక నిలబడేవాడు.

"ఆ మలుపుకు సెకండు గేరమ్మే! సెకండు!"

"ఇది ఆటోమేటిక్ అప్పా."

"ఆటోమేటిక్ అయితే మాత్రం? బండికి మర్యాద ఉండొద్దా?"

పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి లారీ తోలుతున్నాడు. ఒక్కనాడు నన్ను ఆ స్టీరింగు ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు. అడిగితే "ఓనరు బండి" అంటాడు. దేవుడు ఇచ్చిన బండి అన్నట్టు చెప్తాడు. నా స్టీరింగు దగ్గరికొచ్చి మాత్రం పాఠాలు చెప్తాడు. ఒళ్లు మండదా?

పెద్ద మానిటర్ అనేసరికి ఆయన నా పక్షమే. సినిమాల కోసం. ఆదివారం చర్చి నుంచి వచ్చి, సంగటీ కోడికూరా తిని, కాళ్లు చాపుకుని ఒక ఫైటింగు సినిమా చూడటం ఆయనకు సగం స్వర్గం. ఫోన్లో చూసి చూసి మెడ పట్టేసింది. కానీ ఆయన షరతు ఒకటే. "ఇంట్లో తెర ఒకటే. రెండెందుకు? ఇది ఇల్లా, టాకీసా?" అన్నాడు. కాబట్టి ఏది కొన్నా అదొక్కటే. అది హాల్లోకి పోయిందా, నా గంట పోయినట్టే.

మా అత్తకు హాల్లోనే ఎందుకు కావాలంటే, శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ఆడవాళ్ల కూడిక జరుగుతుంది. మా చర్చి సంఘం ఆడవాళ్లంతా వచ్చి పాటలు పాడి ప్రార్థన చేసుకుంటారు. పాటల పుస్తకంలో అక్షరాలు చీమ తలకాయంత. అందరికీ చత్వారం. ఒకామె ఒక చరణం పాడుతుంటే ఇంకొకామె ఇంకో చరణంలో ఉంటుంది. "పెద్దక్షరాలతో పాట ఎదురుగా పడితే ఎంత బాగుంటాది!" అని మా అత్త ఎప్పటి నుంచో అంటోంది. న్యాయమైన కోరికే. అదే నా బాధ. అన్యాయమైనదైతే హాయిగా కొట్లాడేదాన్ని.

అందుకని ఒక పథకం వేశాను. ఎంత చూసినా టీవీకి పనికిరాని మానిటర్ ఒకటి వెతికి కొనాలి. లోకంలో అందరూ అన్నీ ఉన్నది వెతుక్కుంటారు, నేను లేనివి వెతకడం మొదలుపెట్టాను.

స్కూలుకు పోయే బస్సులో, వచ్చే బస్సులో ఫోన్లో వీడియోలు చూశాను. హెర్ట్జ్ అంటే బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందో ఆ లెక్క. అది ఎక్కువైతే రోడ్డు నీళ్లలా జారిపోతుంది, తక్కువైతే ఎద్దులబండిలా కుదుపుతుంది. ఫోర్‌కే అంటే చుక్కలు జాస్తి. అన్ని చుక్కలు నింపడానికి మా కంప్యూటర్‌కు ఊపిరి చాలదు, ఫ్యాను విమానంలా మోగుతుంది. దానికంటే ఒక మెట్టు కింద ఉన్నది మాకు సరి. అంగుళాలు మాత్రం అడ్డంగా కొలవరు, మూల నుంచి మూలకు కొలుస్తారు. ఇది తెలియక మా ఆయన బల్ల మీద టేపు పెట్టి అడ్డంగా కొలిచి, నడిమింట్లో తలుపు తీయడానికి జాగా ఉండదని కంగారు పడ్డాడు. నేను ఐమూలగా కొలవాలని చెప్తే మా అత్తకు నవ్వు ఆగలేదు.

"మూల నుంచి మూలకా? చీర ఎవరన్నా మూల నుంచి మూలకు కొలుస్తారామ్మే? కొలిస్తే ఆ అంగడోడిని కొట్టరా?"

ఆ మాట మాత్రం నాకు నిజమే అనిపించింది.

ఒక సెలవు రోజు ఇద్దరం బళ్లారి పోయాం. కౌల్‌బజార్ వైపు కంప్యూటర్ల అంగడి ఒకటి ఉందని స్కూల్లో ఎవరో చెప్పారు. అంగడాయన గడ్డం సవరించుకుంటూ, "బన్ని మేడం, బన్ని, కూర్చోండి. ఏం కావాల?" అన్నాడు.

"గేమింగుకు పెద్ద మానిటర్."

"బాబుకా?"

"నాకు."

ఆయన మా ఆయన వైపు చూశాడు. "సర్ కోసమా?"

"నాకే అంటాండా గదప్పా!" అన్నాను కొంచెం గట్టిగానే. పక్కన మౌసు కొంటున్న అమ్మాయి ఉలిక్కిపడింది. అంగడాయన వెంటనే ఫ్యాను నా వైపు తిప్పి, నీళ్లు తెప్పించాడు. ఆ తర్వాత పాపం ఆయన ఒక్క తప్పూ మాట్లాడలేదు. తిప్పలన్నీ మా ఆయనే పెట్టాడు.

మా ఆయనకు లోకంలో తెలిసిన పెద్ద గాజు ఒకటే, లారీ ముందద్దం. కాబట్టి ప్రతి మానిటర్‌నూ లారీ అద్దంలాగే చూశాడు. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. లేని స్టీరింగు రెండు చేతులతో పట్టుకున్నాడు. లేని క్లచ్చు తొక్కాడు. మెడ ఎడమకూ కుడికీ తిప్పి, "ఊహూ, దీంట్లో ఎడమ పక్క సైకిలోడు కనపడడు. తీసెయ్" అన్నాడు.

ఇరవయ్యేడు అంగుళాలది పోయింది. ముప్పై రెండుది బాగానే ఉందన్నాడు గానీ, దాన్ని ఎత్తుకుని ఎండలోకి తీసుకుపోబోయాడు. అంగడాయన అడ్డం పడ్డాడు.

"అరె సర్, సర్! ఇది నీడపట్టున చూసే సామాను సర్, ఎండలో పెట్టొద్దు!"

"ఎండ కొట్టినప్పుడు కనపడకుంటే బండి గుంతలో పడదా?"

"ఏ బండి సర్?"

"ఈమె బండి" అని నన్ను చూపించాడు. అంగడాయన నన్ను చూసి, కిటికీలోంచి బయటికి చూశాడు, లారీ ఎక్కడ నిలిపామో అని కాబోలు.

తర్వాత మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒక మెరిసే తెర మీద రుద్దాడు. సండూరు ఎర్రదుమ్ము ఆ తువ్వాల్లో ఎప్పుడూ ఉంటుంది. తెర మీద ఎర్రటి వంకర చార పడింది. అంగడాయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "గుడ్డ వద్దు సర్, దయచేసి గుడ్డ వద్దు!" నాకు నవ్వొకపక్క, సిగ్గొకపక్క. అయితే ఒక సంగతి తేలింది. మెరిసే గాజు మా ఊరికి పనికిరాదు. మసకగా, మెరుపు లేకుండా ఉండే తెరే కావాలి. అప్పుడు మా ఆయన చాలా గంభీరంగా, "వైపరు యాడ బిగిస్తారు?" అని అడిగాడు. అది ఎగతాళో, నిజంగానో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్పడు.

సినిమా పరీక్ష కూడా పెట్టాడు. "రాత్రి ఫైటు ఉండేది ఏదన్నా వెయ్యప్పా" అన్నాడు. ఒక మానిటర్‌లో చీకటి బూడిదలా కనిపించింది, హీరో ఎవరో రౌడీ ఎవరో కూడా బూడిదే. ఇంకొకదాంట్లో నలుపు నల్లగా, కాటుకలా ఉంది. చీకట్లో కత్తి ఒకటి మెరిసింది. మా ఆయన స్టూలు మీదే వెనక్కి తప్పుకున్నాడు. "ఇది! ఇది నలుపంటే!" అన్నాడు.

ఆ కాటుక నలుపుది అంగడి చివర్లో, గోడ పక్కన ఉన్న పొడుగాటి మానిటర్. మామూలు వాటి కంటే బాగా వెడల్పు, ఎత్తు తక్కువ, రెండు కొసలూ మన వైపు వంగి ఉన్నాయి. ముప్పై నాలుగు అంగుళాలు, మూల నుంచి మూలకే లెండి. అంగడాయన దాంట్లో కొండదారి వీడియో ఒకటి వేశాడు. నేను వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. రోడ్డు నా రెండు చెవుల దాకా వచ్చింది. ఎడమ అద్దం ఉండాల్సిన చోటు ఉంది, కుడి అద్దం ఉండాల్సిన చోటు ఉంది, మధ్యలో కొండలున్నాయి. దాని మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. చెప్తే నవ్వుతారు గానీ, పెళ్లిచూపుల్లో కూడా నాకు అలా కాలేదు.

అయినా బయటపడలేదు. బేరం చేసే మొహం పెట్టుకుని నా ప్రశ్నలు మొదలుపెట్టాను.

"దీనికి స్పీకర్లు ఉండాయా?"

"లేవు మేడం, సారీ."

"సంతోషం. రిమోటు?"

"అదీ లేదు మేడం."

"బో మంచిది. టీవీ ఛానళ్లు?"

"నేరుగా రావు మేడం. కంప్యూటర్ ఉండాల."

"సీరియల్ పెడితే ఎట్లుంటాది?"

ఆయన నిజాయితీపరుడు. తల గోక్కుని, "రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి మేడం. బొమ్మ నడుమ మాత్రమే. అంత బాగుండదు" అన్నాడు.

"ప్యాక్ చెయ్యప్పా."

లేనివి ఒక్కొక్కటిగా విని మొహం వెలిగిపోయిన గిరాకీని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. ప్యాక్ చేస్తూ కూడా నా వైపు రెండుసార్లు అనుమానంగా చూశాడు.

తిరుగు బస్సులో పెట్టె మా ఇద్దరి ఒడిలో అడ్డంగా పడుకుంది. కండక్టరు వచ్చి, "టీవీనా? టీవీకి లగేజీ టికెట్ తగొళ్ళి" అని టికెట్టు చింపబోయాడు. నేను టీవీ కాదని మొదలుపెట్టేలోపే మా ఆయన, "టీవీ కాదన్నా, లారీ అద్దం" అనేశాడు. అంతే, బస్సంతా మారిపోయింది. మా బస్సుల్లో లారీ సామాన్లు రోజూ వస్తూ పోతూ ఉంటాయి. అద్దమంటే ఎంత పెళుసో, అది పగిలితే డ్రైవరు బతుకేమవుతుందో అందరికీ తెలుసు. కండక్టరు "అద్దమా? జోపాన, జోపాన" అని తనే పెట్టె కింద చెయ్యి పెట్టి సర్దాడు. ముందు సీటాయన లేచి మాకు జాగా ఇచ్చాడు. వెనక ఎవరో "ఏ బండిదప్పా?" అని అడిగారు. మా ఆయన ఊరు వచ్చేదాకా లేని బండి కథ చెప్తూనే ఉన్నాడు. అదెక్కడ పల్టీ కొట్టిందో, ఎవరు తోలుతుంటే పల్టీ కొట్టిందో చెప్పేటప్పుడు నా వైపు చూశాడు కూడా.

ఇంటికొచ్చి నడిమింట్లో బల్ల మీద పెట్టాం. మా సంఘంలో ఒక పద్ధతుంది. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా, బైకు గానీ ఫ్రిజ్జు గానీ బోరు మోటారు గానీ, అయ్యగారు, అంటే మా పాస్టరు, వచ్చి ప్రార్థన చేసి ప్రతిష్ఠించాకే వాడాలి. పని చేస్తుందో లేదో చూసుకోవడం మాత్రం వాడకం కిందికి రాదని మా ఆయన తీర్మానించాడు. కాబట్టి వేశాం. మా అత్తను పిలిచి, ఆమెకు ఇష్టమైన పాటల వీడియో ఒకటి కావాలనే పెట్టాను. నడుమ చిన్నగా పాట, రెండు పక్కలా నల్లటి గోడలు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తప్ప చప్పుడు లేదు.

"చూసినావా అత్తా, ఎంత వికారంగా ఉండాదో. టీవీకి పనికిరాదిది" అన్నాను, గొంతులో బాధ కలుపుకుని.

ఆమె ముక్కు మీద వేలేసుకుని చాలాసేపు చూసింది. నేను లోపల పండగ చేసుకుంటున్నాను. తర్వాత ఆమె లేచి వెళ్లి, ఆ ఎడమ నల్లటి జాగా మీద అరచెయ్యి పెట్టింది.

"నడుమ తెలుగు పాట ఉండాదా? ఈ పక్క అదే పాట కన్నడంలో పెట్టొచ్చు. మన కూడికలో సగం మందికి కన్నడమే గదా చదవను వచ్చేది. ఆ పక్క బైబిలు వాక్యం పెట్టొచ్చు. ఓరి దేవుడా, ఎంత మంచిది చూసి తెచ్చినావమ్మే! మామూలు టీవీలో ఇంత జాగా యాడుంటాది?"

 ఎంత చదివి, ఎంత తిరిగి, ఎంత తెలివిగా కొన్నాను! ఆ తెలివంతా తీసుకుపోయి ఆమె అరచేతి కింద పెట్టినట్టయింది. మా ఆయన గోడ వైపు తిరిగి నవ్వాడు. భుజాలు కదిలాయి, నేను చూశాను. ఆమె సంతోషంగా ఒక దుప్పటి తెచ్చి మానిటర్ మీద కప్పి, "శుక్రవారం దాకా ఎవరూ ముట్టుకోవద్దు. ప్రతిష్ఠ అయినాక హాల్లో పెడదాం" అంది.

ఈ ప్రతిష్ఠలో అసలు చిక్కు ఒకటుంది. ప్రార్థనకు ముందు అయ్యగారు అడుగుతారు, ఇది ఏ పని నిమిత్తం కొన్నారు అని. ఏ పని చెప్తే ఆ పనికే అది. మా వీధిలో ఒకాయన "బడిపిల్లలను చేర్చేదానికి" అని ఆటోకు ప్రార్థన చేయించుకుని, తర్వాత దాంట్లో కోళ్ల గంపలు వేసుకుపోయాడు. ఆయన ఆటో వీధిలో పోతుంటే సంఘమంతా తలలు అడ్డంగా ఊపేది. చివరికి ఆయన అయ్యగారిని మళ్లీ పిలిచి, కోళ్లను కూడా చేర్పించుకుని ప్రార్థన చేయించుకున్నాడు. కాబట్టి మా అత్త నోట "పాటల నిమిత్తం" అన్న మాట వచ్చిందంటే, నా లారీకి ఇక రోడ్డు లేదు.

ఆ దుప్పటి చుట్టూ తిరుగుతూ శుక్రవారం దాకా ఎలా గడిపానో నాకే తెలుసు. స్కూల్లో ఒకరి ఫీజు రసీదు ఇంకొకరికి రాసిచ్చాను. ఇంట్లో కూరలో రెండుసార్లు కారం వేశాను. "ఏంది, ఒంట్లో బాగుండలేదా?" అని మా అత్త నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఆమె చెడ్డ మనిషైనా బాగుండు అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం మామూలు కంటే ఎక్కువ మంది వచ్చారు. మా అత్త ఊరంతా చెప్పింది మరి. నడిమిల్లు నిండిపోయి, కొందరు వంటింటి గడప మీద కూర్చున్నారు. సగం మంది మొగుళ్లు లారీ డ్రైవర్లు, మిగతా సగం మంది మొగుళ్లు ఆ లారీలు నింపేవాళ్లు. అయ్యగారు వచ్చి, వందనాలు అయ్యాక, దుప్పటి తీయించారు. "అబ్బో" అన్నారు అందరూ.

"దేవుని కృప. ఏ పని నిమిత్తం కొన్నారో చెప్పండమ్మా, ఆ నిమిత్తమే ప్రార్థన చేద్దాం" అన్నారు అయ్యగారు.

మా అత్త కొంగు సర్దుకుని, మోకాళ్ల మీద చెయ్యి పెట్టి లేవబోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, లేవడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ కొంచెంలోనే నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ఇది లారీ తోలేదానికి."



"ఏ లారీనమ్మా?" అన్నారు ఆయన, మా ఆయన వైపు చూస్తూ. మా ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

"కంప్యూటర్లో లారీ. ఆట. నేను ఆడతా." గొంతు వణికింది. వణికిందని కోపమొచ్చింది, కోపంలో మిగతాదంతా వచ్చేసింది. "పొద్దన లేసినప్పటి నుంచి అందరి పనీ చేస్తాండా అయ్యగారూ. నేనేం వద్దనలే. నడుమ ఒక గంట మాత్రం నాది. ఆ గంటకు కొనుక్కున్నా. పాటలకు ఇంకోటి కొందాం, నేనే కొనిస్తా, ఎంత పెద్దదైనా సరే. ఇది మాత్రం నాది. అబద్ధం చెప్పి ప్రార్థన చేయించుకుంటే అది ప్రార్థన కాదు గదా?"

కళ్లలో నీళ్లు వచ్చేశాయి. ఒక ఆట కోసం ఇంతమందిలో ఏడుస్తున్నానే అని ఇంకా ఏడుపొచ్చింది. మా అత్త సగం లేచినది లేచినట్టే మళ్లీ కూర్చుంది. నా వైపు చూడలేదు.

అయ్యగారు లేచి బైబిలు చేతికి తీసుకున్నారు. మా ఊళ్లో ఆయన ప్రార్థన చేయని లారీ లేదు, బైబిలు పట్టుకుని ఏ బానెట్ ముందు నిలబడాలో ఆయనకు బాగా తెలుసు. మానిటర్ ముందుకు వచ్చి, దాని మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ చెల్లెలు తోలే లారీని నీ చేతికి అప్పగిస్తున్నాం. దాని బ్రేకులను కాపాడు. దాని టైర్లను కాపాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎదురొచ్చే వాహనాలకు బుద్ధి దయచేయి. చెక్‌పోస్టుల్లో అధికారుల మనసులు మెత్తన చేయి. లోడు అధికం కాకుండా చూడు. దీని ఓనరును దీవించు."

"ఆమెన్" అన్నాడు మా ఆయన, అందరి కంటే గట్టిగా. ఓనరంటే నేనేనని అప్పటికి ఆయనకు తట్టినట్టు లేదు.

టీ తాగుతుండగా ఒకామె, "ఏదీ వదినా, తోలు చూద్దాం" అంది. తోలాను. కొండదారి, వాన, రెండు అద్దాలూ చక్కగా కనపడుతున్నాయి. అన్ని గ్లాసులూ గాల్లోనే ఆగిపోయాయి. నేను ఒక్క గోడకూ తగలకుండా రివర్సు తీసి సరుకు దింపేసరికి చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే ఆమే, "కొంచెం పక్కకు జరుగు" అంది. ఇక ఒకరి తర్వాత ఒకరు. జీవితమంతా లారీల మీద బతుకుతున్న ఇళ్ల ఆడవాళ్లు, ఒక్కరూ ఎప్పుడూ స్టీరింగు పట్టినవాళ్లు కాదు. ఒకామె నేరుగా పొలంలోకి పోనిచ్చి, "పంట ఎవరిదో పాపం" అని బాధపడింది. ఒకామె "మెల్లగా పోవప్పా, ఎందుకంత తొందర" అని లారీని మొగుణ్ని బతిమాలినట్టు బతిమాలింది. అయ్యగారు నాకొద్దమ్మా, నాకొద్దమ్మా అంటూనే కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, హారను ఎక్కడుందో కనుక్కుని, బండి కదిలించకుండా హారను మాత్రం కొట్టి లేచారు.

మా అత్త వీటిలో దేనికీ రాలేదు. హాల్లో ఒక్కతే కూర్చుని, పాటల పుస్తకం కళ్ల దగ్గరికి పెట్టుకుని చదువుతోంది. అందరూ వెళ్లిపోయాక గ్లాసులన్నీ తనే కడిగేసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నేను గెలిచాను, గెలిచిన సంతోషం మాత్రం ఎక్కడా లేదు. వచ్చి నా కుర్చీలో కూర్చుని బండి స్టార్టు చేశాను గానీ, తోలబుద్ధి కాలేదు.

వెనక అడుగుల చప్పుడైంది.

"లెయ్యి" అంది మా అత్త.

"ఏందత్తా?"

"లెయ్యమ్మే. నేను తోలాల."

లేచాను. ఆమె కూర్చుంటే కాళ్లు పెడల్స్‌కు అందలేదు. నేనే వంటింట్లోంచి పీట తెచ్చి పెడల్స్ దాని మీద పెట్టాను. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంది. ఏది తొక్కితే పోతుందో ఒక్కసారే అడిగింది. బండి కదిలింది. నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా, రోడ్డుకు సరిగ్గా నడిమధ్యన, స్టీరింగును రోకలిని పట్టుకున్నట్టు రెండు చేతులా బిగించి పట్టుకుని పోతోంది. వెనక కార్లు, లారీలు బారులు తీరాయి, బల్ల మీది హెడ్‌ఫోన్లలోంచి వాటి హారన్లు సన్నగా వినపడుతున్నాయి.

మా ఆయన ఉండబట్టలేక, "ఎడమకు మా, ఎడమకు తీసుకో!" అన్నాడు.

"నోరు మూసుకోరా" అంది ఆమె, తల తిప్పకుండా.

కొండ దాటింది. వంతెన దాటింది. సరుకు దింపాల్సిన గోదాము పక్కనే వచ్చింది, దాన్ని కూడా దాటిపోతోంది. "బ్రేకు, అత్తా! ఈడే ఆపాల" అన్నాను.

"యాడా ఆపను."

"ఆపకుంటే ఎట్లత్తా?"

"ఆపితే మళ్లా పొయ్యికాడికే గదమ్మే పోవాల్సింది" అంది.

నేను స్కూలుకు పోతే మధ్యాహ్నం వంట ఆమెదే. నేను పెళ్లై రాకముందు రెండు పూటలా ఆమెదే. ఆమెకు కూడా ఒక గంట కావాలని ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు, ఆమెకు కావాల్సింది పాటలు, వాక్యమే అనుకున్నాను.  స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"సరే, పోనియ్ అత్తా. ముందర రోడ్డు బాగుండాది" అన్నాను. మా ఆయన వైపు తిరిగి, "అప్పా, ఈ పూట వంట నువ్వు చెయ్యి" అన్నాను.

"నేనా?" అన్నాడు.

 ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి పోయాడు. గిన్నెలు కింద పడ్డ చప్పుళ్లు వచ్చాయి. మా అత్త ఒక మలుపు తిప్పింది, చాలా బాగా తిప్పింది, నిజానికి నాకంటే బాగా. దూరంగా చెరకు తోటలాంటిదేదో కనపడితే, "అది ఏం పంటో చూసి పోదాం" అంది.

"ఉప్పు యాడుండాది?" అని వంటింట్లోంచి మా ఆయన కేక పెట్టాడు.

ఇద్దరికీ వినపడింది. ఇద్దరం ఇంజను చప్పుడులో ఉన్నట్టే ముందుకు చూస్తూ కూర్చున్నాం.